పెద్ద అలకు సన్నని తోక

(బరంపురంలో తెలుగు యువతీయువకుల కోసం ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడినవారు గోపాల్‌పూర్ తీరంలో ఫైబర్ పడవలు మరమ్మతు చేస్తారు.)

పెద్దలందరికీ నమస్కారం. ముందు వరుసలో మా వాడ నుంచి వచ్చిన మావయ్యలు కూర్చున్నారు. సముద్రం గురించి వాళ్ల ఎదుట నోరు విప్పడం నాకు కొత్త. నా మాటల్లో ఎక్కడ తప్పు దొర్లినా అక్కడే ఆపి సరిదిద్దమని వాళ్లను కోరుతున్నాను. అలల మీద నిలబడి జారే ఈ పలక, అంటే ఈ సర్ఫ్‌బోర్డు సంగతి మాత్రం నేనే చెప్పాలి, ఎందుకంటే దీన్ని చేసింది నేనే.

ఈ బల్ల మీద పడుకోబెట్టిన సర్ఫ్‌బోర్డు పొడవు 7 అడుగుల 6 అంగుళాలు. వెడల్పు 20 అంగుళాలు, మందం 2.75 అంగుళాలు. బరువు నాలుగున్నర కిలోలు. లోపల థర్మాకోల్, పైన గాజు గుడ్డ, దాన్ని పట్టి ఉంచే ఎపాక్సీ రెసిన్ అనే జిగురు. ముక్కు నుంచి తోక దాకా మధ్యలో ఒక గోధుమరంగు గీత కనిపిస్తోంది చూడండి. అది కర్ర. దాని సంగతి కాసేపటి తర్వాత చెబుతాను.

నేను పుట్టింది గోపాల్‌పూర్ తీరంలో, తెలుగు మాట్లాడే వాడలో. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు. ఒడియావాళ్లు మమ్మల్ని నోలియాలు అంటారు. గంజాం జిల్లా తీరం పొడవునా మాలాంటి వాడలు ఉన్నాయి, ఇక్కడ చాలామందికి చుట్టరికాలు కూడా ఉన్నాయి. తాతయ్య తెప్ప మీద వేటకు వెళ్లేవారు. నాన్నగారి కాలానికి ఫైబర్ పడవ వచ్చింది, మోటారు వచ్చింది. నేను ఆ పడవలకు పడిన చిల్లులు పూడ్చే పని నేర్చుకున్నాను. గాజు గుడ్డ పరచడం, రెసిన్ కలపడం నా చేతికి అలవాటైంది అక్కడే. తర్వాత పూరీకీ కోణార్క్‌కూ మధ్య ఉన్న రామచండి తీరంలో సర్ఫింగ్ ఉత్సవాలు మొదలయ్యాయి. ఒక ఏడాది చూడటానికి వెళ్లి, అక్కడ మొదటిసారి ఒక సర్ఫ్‌బోర్డును చేతుల్లోకి తీసుకున్నాను. తిప్పి చూస్తే అంతా నాకు తెలిసిన సామానే. అదే గుడ్డ, అదే రెసిన్. అయితే ఆ వంపులు, ఆ అంచులు ఎందుకలా ఉన్నాయో ఒక్కటీ అర్థం కాలేదు. వాటి కారణాలు తెలుసుకోవడానికి నాకు మూడు బోర్డులు పట్టాయి.

నన్ను అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది. పెద్ద అలలకు పెద్ద బోర్డు చేస్తే సరిపోతుంది కదా, ఇందులో తెలుసుకోవడానికి ఏముంది అని. నేనూ అలాగే అనుకున్నాను. ఆ ఆలోచనతోనే నా రెండో బోర్డు చేశాను. అది నా తొడ మీద ఏడు కుట్లు వేయించింది. ఈ రోజు నేను చెప్పదలచుకున్నదంతా ఆ ఏడు కుట్ల వెనుక ఉన్న సంగతి.

ముందు అల గురించి కొంచెం. సముద్రం బాగా లోతుగా ఉన్నచోట అల ఎంత వేగంగా పోతుందన్నది దాని విరామాన్ని బట్టి ఉంటుంది. ఒక శిఖరం దాటాక తర్వాతి శిఖరం రావడానికి పట్టే సమయాన్ని విరామం అంటున్నాను. ఆ సెకన్లను 1.56తో గుణిస్తే సెకనుకు ఎన్ని మీటర్లో తెలుస్తుంది. 14 సెకన్ల విరామం ఉన్న అల గంటకు 79 కిలోమీటర్ల వేగంతో నడుస్తుంది. తీరం దగ్గరికి వచ్చేసరికి లెక్క మారిపోతుంది. అక్కడ వేగాన్ని శాసించేది లోతు. అడుగున ఇసుక తగిలే కొద్దీ అల నెమ్మదిస్తుంది, ఎత్తు పెరుగుతుంది, ఆ ఎత్తు నీటి లోతులో ముప్పావు వంతు దాటేసరికి విరిగిపోతుంది. మీటరు ఎత్తున్న అల మీటరుంపావు లోతులో, గంటకు 13 కిలోమీటర్ల వేగంతో విరుగుతుంది. రెండు మీటర్ల అలకు రెండున్నర మీటర్ల లోతు కావాలి. అప్పుడు దాని వేగం 18 కిలోమీటర్లు. ఇవి ఉజ్జాయింపు లెక్కలే కానీ, నీటిలో పడుకుని ఉన్న మనిషికి ఆ 13కూ 18కీ మధ్య తేడా ప్రాణంతో తెలుస్తుంది. చేతులతో తోసుకుంటూ మనం పోగలిగే వేగం గంటకు 6, 7 కిలోమీటర్లు. చిన్న అల ఆ తేడాను మన్నిస్తుంది, వీపు మీద నెట్టి ఎక్కించుకుంటుంది. పెద్ద అల మన్నించదు. దాని వేగానికి దగ్గరగా మనం ముందే పోతూ ఉండాలి. లేకపోతే అది మన కిందినుంచి వెళ్లిపోతుంది, లేదా నిట్టనిలువుగా లేచిన శిఖరం మీది నుంచి మనల్ని కిందికి విసురుతుంది.

అందుకే పొడవు కావాలి. పొడవైన బోర్డు నీటిని తక్కువ చిమ్ముతూ జారుతుంది, అదే చేతి బలానికి ఎక్కువ దూరం పోతుంది. ఇంతవరకు నేను అనుకున్నది నిజమే. అలను అందుకోవడానికి పొడవు. అయితే అందుకున్నాక?

అప్పటికి నేను వాడుతున్న చిన్న బోర్డు, నేను చేసింది కాదు, 6 అడుగుల 2 అంగుళాలు. తోక వెడల్పుగా, చివర చదరంగా ఉండేది. నడుము ఎత్తు అలల మీద అది ఎంతో హాయిగా తిరిగేది. రెండో బోర్డు చేసేటప్పుడు దాని ప్రతి కొలతనూ అదే నిష్పత్తిలో పెంచాను. పొడవు పెరిగింది, వెడల్పు 22 అంగుళాలు దాటింది, తోక ఇంకా వెడల్పయింది. మే నెలలో ఒక ఉదయం దాన్ని తీసుకెళ్లాను. మనకు మే నెలలో గాలి లేని రోజున కూడా పెద్ద అలలు వస్తాయి, ఆ సంగతి మావయ్యలకు బాగా తెలుసు. ఎక్కడో హిందూ మహాసముద్రం దక్షిణాన తుఫాను రేగితే ఆ అలలు రోజుల తరబడి ప్రయాణించి మన ఇసుక దిబ్బ మీద విరుగుతాయి. అవి దూరం నుంచి వచ్చిన అలలు కాబట్టి విరామం ఎక్కువ, వరుస చక్కగా ఉంటుంది. ఆ ఉదయం మొదటి అలను సులువుగా అందుకున్నాను. లేచి నిలబడ్డాను. కిందికి జారి పక్కకు తిరగబోయేసరికి బోర్డు తోక నా కాళ్ల కింద నుంచి పక్కకు జారిపోయింది. తడి గచ్చు మీద చెప్పు జారినట్టు. నేను పడ్డాను, బోర్డు తిరిగొచ్చి దాని అడుగున ఉండే రెక్క తొడకు తగిలింది.

ఆస్పత్రి మంచం మీద కూర్చుని ఎంత ఆలోచించినా తప్పు నా కాలిదా, బోర్డుదా అర్థం కాలేదు. తప్పు బోర్డుదే అని తెలిసింది తర్వాత. చదునైన వస్తువు నీటి మీద పరిగెత్తేటప్పుడు నీరు దాన్ని పైకి నెడుతుంది. ఆ నెట్టుడు వేగంతో పాటు సమానంగా పెరగదు, వేగం వర్గానికి తగ్గట్టు పెరుగుతుంది. వేగం ఒకటిన్నర రెట్లయితే నెట్టుడు రెండింతలు దాటుతుంది. చిన్న అల మీద వేగం తక్కువ కాబట్టి మనల్ని తేల్చడానికి వెడల్పైన తోక కావాలి. పెద్ద అల మీద అదే తోక అవసరానికి మించి పైకి లేస్తుంది. అప్పుడు బోర్డు అంచు నీటిలోకి దిగదు. అంచు దిగకపోతే పట్టు లేదు. కింద రెక్కలున్నా అవి సగం గాలిలో ఉంటాయి.

ఈ విషయం తెలుసుకున్నవాళ్లలో నాకు చాలా ఇష్టమైనవాళ్లు హవాయి కుర్రాళ్లు. 1937 నాటి మాట. అప్పటి బోర్డులు రెడ్‌వుడ్ కర్రతో చేసిన బరువైన పలకలు. తోక వెడల్పు, కింద రెక్క కూడా లేదు. జాన్ కెల్లీ, ఫ్రాన్ హీత్, వాలీ ఫ్రాయిసెత్ అనే కుర్రాళ్లు పెద్ద అలల మీద ఎన్నిసార్లు ప్రయత్నించినా తోక జారిపోయేది. ఒక రోజు విసిగిపోయి ఇంటికి వచ్చి, కెల్లీ గొడ్డలి తీసుకుని హీత్ బోర్డు తోకను రెండు పక్కలా నరికేశాడు. చెక్కి సన్నగా, అడుగున పడవ అడుగులా కోణం వచ్చేట్టు చేశారు. దాన్ని నీళ్లలోకి తీసుకెళితే తోక నీటిలో దిగి నిలబడింది. అప్పటిదాకా నేరుగా ఒడ్డుకు పోవడం తప్ప దారి లేని అల ముఖం మీద అడ్డంగా, ఏటవాలుగా పరిగెత్తగలిగారు. కలిపింది ఏమీ లేదు, తీసేశారంతే. పెద్ద అలల బోర్డులు ఈ రోజు వరకు ఆ గొడ్డలి దెబ్బ దారిలోనే నడుస్తున్నాయి.

ఆ కథ విన్నాక నా రెండో బోర్డును దగ్గర పెట్టుకుని కొలిచాను. తోక చివర నుంచి 12 అంగుళాల ముందు దాని వెడల్పు 16 అంగుళాలు. ఈ బోర్డుకు అదే చోట 13. చివర చూడండి, చేపల గంప మోసే కర్ర కొనలా సన్నబడిపోయింది. వెడల్పు ఎక్కువగా ఉన్నచోటు కూడా సరిగ్గా నడిమధ్యన లేదు, నాలుగు వేళ్లు ముందుకు జరిగింది. ఈత కొట్టేటప్పుడు ఛాతీ కింద తేలుడు కావాలి, నిలబడ్డాక వెనుక కాలి కింద పట్టు కావాలి. అందుకే ఆ జరుపు.

ఇక వంపు. పక్కనుంచి చూడండి, కళ్లు బల్ల ఎత్తుకు దించి చూస్తేనే తెలుస్తుంది. ముక్కు 5 అంగుళాలు పైకి లేచింది, తోక రెండున్నర అంగుళాలు. పెద్ద అల ముఖం నిటారుగా ఉంటుంది. చదునైన బోర్డు దాని మీద నుంచి దిగితే ముక్కు అల పాదంలో గుచ్చుకుంటుంది, మనిషి తలకిందులవుతాడు. వంపు మరీ ఎక్కువైతే బోర్డు నీటిని తోసుకుంటూ నెమ్మదిస్తుంది, అలను అందుకోలేదు. ఈ రెండింటి మధ్య ఎక్కడ ఆగాలన్నది పుస్తకంలో దొరకలేదు నాకు.

దొరికింది మా పెరట్లో. తాతయ్య తెప్ప దుంగలు అక్కడ గోడకు చేర్చి ఉండేవి. ఇక్కడున్న పిల్లల్లో చాలామంది తెప్పను వాడుకలో చూసి ఉండరు, కాబట్టి చెబుతాను. తెప్ప అంటే తేలికైన దుంగలను పక్కపక్కన పేర్చి తాళ్లతో కట్టినది. మేకు ఒక్కటి కూడా ఉండదు. తమిళులు దాన్ని కట్టుమరం అంటారు, ఇంగ్లీషువాళ్ల కటమరాన్ ఆ మాటలోంచి పుట్టిందే. వేట నుంచి రాగానే తాళ్లు విప్పి దుంగలను విడివిడిగా ఇసుక మీద ఆరబెడతారు, ఎందుకంటే కర్ర నీళ్లు తాగి బరువెక్కుతుంది. దాని మీద కెరటం విరిగి పడితే నీరు దుంగల సందుల్లోంచి కిందికి పోతుంది, తోడి పోయాల్సిన పని లేదు. ముందు వైపు దుంగలను పైకి లేచేట్టు చెక్కుతారు. ఆ చెక్కుడు ముక్కు నుంచి నేరుగా మొదలవదు. ముందు మూడో వంతులో మెల్లగా మొదలై, చివరి రెండడుగుల్లో చప్పున పైకి లేస్తుంది. నేను దారం కట్టి ఆ వంపును కొలిచాను. నా బోర్డుకు అదే వరుస వాడాను, ఎత్తులు మాత్రం తగ్గించుకున్నాను. మన తీరంలో అలలు ఒడ్డుకు దగ్గరగా, నిటారుగా విరుగుతాయి. ఆ అలల్లోంచి రోజూ వెళ్లి రోజూ రావలసినవాళ్లు తరతరాలుగా సరిచేసుకుంటూ వచ్చిన వంపు అది. మన అలకు మన ముందువాళ్లు వేసిన కొలత అని నేను నమ్ముతున్నాను.

తాతయ్య తిరిగొచ్చే దృశ్యం నాకు గుర్తుంది. విరిగే అలల వరుసకు బయట తెప్పను ఆపి, వెనక్కి చూస్తూ లెక్కపెట్టేవారు. పెద్ద అలలు గుంపుగా వస్తాయి, తర్వాత కాసేపు సముద్రం సద్దుమణుగుతుంది. ఆ సందు చూసుకుని, వెనుక మోకాళ్ల మీద కూర్చుని తెడ్డును చుక్కానిలా నీటిలో దించి పట్టుకుని, ఒక అల వీపు ఎక్కి ఒడ్డు దాకా వచ్చేవారు. ఎవరూ దాన్ని ఆట అనలేదు. కానీ చేపల బరువుతో, తడి వలతో, అల మీద నిలవడం కన్నా గొప్ప సర్ఫింగ్ నేను ఇంకా చూడలేదు.

ఆ గోధుమరంగు గీత ఆయన తెప్పదే. పనికిరాకుండా పడి ఉన్న నడిదుంగలోంచి 5 మిల్లీమీటర్ల మందం బద్ద కోయించాను. ఏళ్ల తరబడి ఉప్పునీరు తాగిన కర్ర అది. ఎపాక్సీ తడి కర్రను పట్టుకోదు. అందుకని నాలుగు నెలలు అటక మీద ఆరబెట్టి, తూకం వేస్తూ, బరువు తగ్గడం ఆగిపోయాకే వాడాను. థర్మాకోల్ ఒక్కటే అయితే పెద్ద అల దెబ్బకు మధ్యలో విరుగుతుంది. ఈ వెన్నుబద్ద ఆ వంపుడును ఆపుతుంది.

థర్మాకోల్ అన్నానని టీవీ పెట్టెల్లో వచ్చేది తెచ్చుకోకండి. అది మెత్తగా ఉంటుంది, పాదం కింద నొక్కుకుపోతుంది. ఘనమీటరుకు 24 నుంచి 32 కిలోల సాంద్రత ఉన్న దిమ్మె అడగాలి. ఇళ్ల పైకప్పు వేడి ఆపడానికి వాడే దిమ్మెలు అమ్మేవాళ్ల దగ్గర చెప్పి తెప్పించుకోవచ్చు. ఈ బోర్డులో 45 లీటర్ల దిమ్మె ఉంది, దాని బరువు కిలోంపావు మాత్రమే. దాన్ని కోయడానికి నిక్రోమ్ తీగను విల్లులా బిగించి, కరెంటుతో వేడిచేసి వాడాను. దిమ్మెకు రెండు పక్కలా వంపు ఆకారంలో కోసిన ప్లైవుడ్ అచ్చులు బిగిస్తే, ఇద్దరు చెరో కొస పట్టుకుని తీగను వాటి మీద లాగుతారు. నాతో పట్టింది మా తమ్ముడు. ఇద్దరి చేతుల వేగం ఒకటిగా ఉండాలి. ఎవరు ఆగినా అక్కడ తీగ లోపలికి కాలుస్తూ గాడి పెడుతుంది. ఆ పొగ పీల్చకూడదు, బయట గాలిలోనే చేయాలి. ఆకారం వచ్చాక చిత్రిక పట్టబోతే గింజలు ఊడిపోతాయి. చెక్కకు గరుకు కాగితం అంటించి, ఓపికగా రుద్దడమే దారి.

నా మొదటి బోర్డు సంగతి చెప్పలేదు కదా. దానికి పడవలకు వాడే పాలిస్టర్ రెసిన్ పూశాను. మా షెడ్డులో డబ్బాల కొద్దీ ఉండేది మరి. పూసిన కొద్ది నిమిషాల్లో దిమ్మె కళ్ల ముందే కరిగి, గుంటలు పడి, గుడ్డ లోపలికి కూలిపోయింది. ఆ రెసిన్‌లో స్టైరీన్ ఉంటుంది, అది థర్మాకోల్‌ను కరిగిస్తుంది. మూడు వారాల పని. పడవల పనిలో పదేళ్లు ఉన్నవాడికి కూడా ఇది తెలియకపోవచ్చు, ఎందుకంటే పడవలో ఆ రెండూ కలిసే అవసరం రాదు. థర్మాకోల్‌కు ఎపాక్సీ ఒక్కటే. పాలిస్టర్ వాడాలంటే లోపల పాలియురేథేన్ నురుగు దిమ్మె ఉండాలి. 1950ల చివర్లో కాలిఫోర్నియాలో హోబీ ఆల్టర్, గోర్డన్ క్లార్క్ దాన్ని వాడుకలోకి తెచ్చాక లోకమంతా ఆ దారిలో నడిచింది. మనకు అది దొరకడం కష్టం.

గుడ్డ పరిచే రోజు గురించి ఒక మాట, ఇది రాసుకోండి. ఉదయం పూట ఎప్పుడూ చేయవద్దు. థర్మాకోల్ గింజల మధ్య గాలి ఉంటుంది. ఎండ ఎక్కే కొద్దీ ఆ గాలి వ్యాకోచించి, ఇంకా గట్టిపడని రెసిన్‌లోంచి బుడగలుగా పైకి వస్తుంది. ప్రతి బుడగ రేపు నీరు దూరే రంధ్రం. మధ్యాహ్నం దాటాక, వేడి తగ్గుముఖం పట్టినప్పుడు మొదలుపెడితే ఆ గాలి లోపలికి కుంచించుకుంటూ రెసిన్‌ను కూడా తనతో లోపలికి లాగుతుంది. మన తీరంలో సాయంత్రం తేమ ఎక్కువ, దానివల్ల ఎపాక్సీ పైన జిగురు పొర కడుతుంది. కాబట్టి తేమ తక్కువగా ఉండే చలికాలంలో, మధ్యాహ్నం 3 గంటల ప్రాంతం నాకు కుదిరింది. రెసిన్, దాన్ని గట్టిపరిచే ద్రవం రెండింటినీ తూకం వేసి, డబ్బా మీద రాసిన పాళ్లలోనే కలపాలి. కంటి అంచనా పనికిరాదు. ఎక్కువ కలిపితే త్వరగా గట్టిపడుతుందని పాలిస్టర్ పనిలో అలవాటు, ఎపాక్సీకి అది వర్తించదు. పాళ్లు తప్పితే ఎప్పటికీ మెత్తగానే ఉండిపోతుంది. చేతులకు తొడుగులు వేసుకోండి. ఎపాక్సీ చర్మానికి పదేపదే తగిలితే ఒక రోజు దద్దుర్లు మొదలవుతాయి, ఆ తర్వాత జీవితాంతం దాన్ని ముట్టుకోలేరు.

చదరపు మీటరుకు 200 గ్రాముల గుడ్డ పైన మూడు పొరలు, కింద రెండు పొరలు వేశాను. చిన్న బోర్డుకు ఇంత వేయను. పెద్ద అల ముఖం మీద గాలి ఎదురు కొడుతుంది, ముఖం నున్నగా ఉండదు, చిన్న చిన్న గతుకులుంటాయి. తేలికైన బోర్డు వాటి మీద ఎగిరెగిరి పడుతుంది. కొంచెం బరువున్నది కోసుకుంటూ పోతుంది. పైన మూడో పొర ఎందుకంటే నిలబడ్డ మడమల కింద నొక్కులు పడకుండా.

అంచులు, రెక్కల గురించి త్వరగా చెప్పేస్తాను, ఆలస్యమవుతోంది. ముందు భాగంలో అంచు గుండ్రం, చేత్తో తడిమితే కోడిగుడ్డులా ఉంటుంది. తోక దగ్గర కింది అంచు పదును. నీరు అక్కడ అంటుకోకుండా తెగిపోవాలి, లేకపోతే వెనక్కి పీలుస్తుంది. రెక్కలు మూడు. బోర్డుకు మొదట రెక్క అమర్చింది 1935లో టామ్ బ్లేక్ అనే అమెరికా సర్ఫర్. మూడు సమాన రెక్కల పద్ధతి తెచ్చింది ఆస్ట్రేలియాకు చెందిన సైమన్ ఆండర్సన్. 1981లో అక్కడి బెల్స్ బీచ్ పోటీ చాలా పెద్ద అలల మధ్య జరిగింది. ఆ బోర్డుతో ఆయన గెలిచాక ప్రపంచమంతా దాన్ని అనుసరించింది. పక్క రెక్కలను చూడండి, వాటి ముందు కొనలు ముక్కు వైపు కాస్త లోపలికి తిరిగి ఉన్నాయి. పావు అంగుళం తేడా, అంతే. లోపలి ముఖం చదును, బయటి ముఖం ఉబ్బెత్తు, పక్షి రెక్కలా. పెద్ద అలల కోసం మూడింటినీ అర అంగుళం వెనక్కి జరిపాను.

(సభలో ఒక అమ్మాయి: కాలికి కట్టే తాడు నైలాన్‌ది వాడవచ్చా?)

వద్దమ్మా. నైలాన్ తాడు చాలినంత సాగదు. అల బోర్డును లాక్కుపోతే ఆ కుదుపంతా నీ చీలమండ మీద పడుతుంది. సాగే పాలియురేథేన్ తాడు కావాలి, పెద్ద అలలకు 7, 8 మిల్లీమీటర్ల మందం, పొడవు బోర్డుకు తక్కువ కాకుండా. అదొక్కటి కొనుక్కో, చేసుకోవద్దు. దాన్ని బిగించే గిన్నెను కూడా పై పొరల గుడ్డ కిందికి దిగేట్టు అమర్చాలి. పైపైన అంటిస్తే మొదటి పెద్ద అలకే ఊడి వస్తుంది. బోర్డు పోయినా ఫరవాలేదు, ఒడ్డుకు ఈదాల్సింది నువ్వు.

ఇంకో మాట అందరికీ. ఇది చెప్పకుండా దిగిపోతే నాకు నిద్రపట్టదు. థర్మాకోల్ రుద్దితే రాలే గింజలు గాలికి ఎగురుతాయి. మన రుషికుల్య మొగ దగ్గరి ఇసుకలోకి దాదాపు ఏటా చలికాలం చివర లక్షల తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ప్రపంచంలో అలా గుంపులుగా వచ్చే చోట్లు కొన్నే ఉన్నాయి, వాటిలో ఒకటి మన ఇంటి ముంగిట ఉంది. ఆ ఇసుకలో తెల్ల గింజలు కలిస్తే ఏరడం ఎవరి తరమూ కాదు. నేను గదికి నాలుగు వైపులా తడి గోనెపట్టాలు కట్టి, లోపల మాత్రమే రుద్దుతాను. ప్రతి పూట ఊడ్చి బస్తాలో కడతాను. ఒడ్డున రుద్దే పని ఎవరు చేసినా నేను వెళ్లి ఆపుతాను, మీరూ ఆపండి.

పెద్ద అలలు అన్నాను. ఎంత పెద్దవి? ఈ బోర్డు తలకు మించిన ఎత్తు, ఆరేడు అడుగుల అల కోసం. తుఫాను అల కోసం కాదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ మన గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర. ఆ రాత్రులు ఇక్కడున్నవాళ్లకు సముద్రం ఏ స్థాయికి లేవగలదో చెప్పక్కర్లేదు. పొడంపేట వంటి ఊరు కోతకు గురై జనం ఇళ్లు వదిలి వెళ్లిన తీరం మనది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ రోజూ అలల ఎత్తు, విరామం, దిక్కు ముందుగానే చెబుతుంది, ఎత్తైన అలల హెచ్చరికలూ ఇస్తుంది. ఆ హెచ్చరిక ఉన్న రోజు బోర్డు గోడకే ఆనుకుని ఉండాలి. నేను వెళ్లే రోజు కూడా ఒంటరిగా వెళ్లను, ఒడ్డున ఒకరు కూర్చుని చూస్తూ ఉంటారు. ముందు అరగంట నేనూ కూర్చుంటాను, అలలు లెక్కపెడుతూ.

ఈ బోర్డును మొదటిసారి నీళ్లలో దించింది కూడా మే నెలలోనే, రెండో బోర్డు నన్ను పడేసిన ఇసుక దిబ్బ మీదే. గుంపులో ఐదు అలలు వస్తున్నాయి, ఆపైన చాలాసేపు నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో బయటికి వెళ్లాను. తర్వాతి గుంపులో మూడో అల కోసం తిరిగాను. ఏడెనిమిది సార్లు చేతులు వేసేసరికి బోర్డు తనంతట తానే పరుగందుకుంది, ఇంకా అల నిటారుగా లేవకముందే. లేచి నిలబడ్డాను. దిగి, వెనుక కాలి మీద బరువు వేసి తిరిగాను. తోక నీటిలోకి దిగింది. దిగి అక్కడే ఉంది. ఆ పట్టు నాకు పాదంలోంచి నడుము దాకా తెలిసింది. ఒడ్డున మా తమ్ముడు అరుస్తున్నాడట, నాకేమీ వినిపించలేదు. ఒడ్డు చేరి బోర్డును ఇసుక మీద పెట్టి, ముందు దాని తోకనే తడిమాను.

(ముందు వరుసలోంచి ఒక పెద్దాయన: తెప్పను విప్పి ఆరబెడతాం. మరి దీనిలోకి నీళ్లు దిగితే ఏం చేస్తావు, అబ్బాయ్? దీన్ని విప్పలేవు కదా.)

మంచి మాట అడిగారు, మావయ్యా. విప్పలేను. అందుకే గాజు పొర ఎక్కడ పగిలినా ఆ క్షణమే ఒడ్డుకు వచ్చేస్తాను, ఇంకొక్క అల అని ఆగను. ఉప్పునీటిని మంచినీటితో కడిగి, పగులు కిందికి ఉండేట్టు నీడలో నిలబెడతాను. ఎండలో పెట్టను, లోపలి గాలి వేడెక్కి గుడ్డను దిమ్మె నుంచి ఊడదీస్తుంది. ఇదిగో, ఇక్కడ చిన్న మర చూడండి. ఎండలో ఒడ్డున ఉన్నప్పుడు దీన్ని విప్పి లోపలి గాలికి దారి ఇస్తాను, నీళ్లలోకి వెళ్లేముందు బిగిస్తాను. పగులు పడ్డాక ఆరడానికి రెండు వారాలు పట్టినా ఓపిక పడతాను. ఆరిందా లేదా అన్నది తూకమే చెబుతుంది. బోర్డు పూర్తయ్యాక తూకం వేసి, దీని బరువు వెన్నుబద్ద గీత పైన పెన్సిలుతో రాసి, మీద పలుచగా రెసిన్ పూశాను, ఎప్పటికీ చెరిగిపోదు. దగ్గరికి వస్తే కనిపిస్తుంది.

రండి, అందరూ వచ్చి ముట్టుకుని చూడండి. తలకిందులుగా తిప్పుతాను, అడుగు కూడా చూద్దురు. పిల్లలూ, తోక దగ్గర అంచు, రెక్కల కొనలు పదునుగా ఉంటాయి, చేతులు జాగ్రత్త.